వేలి కణుపులో సిలికాన్

రంగూన్‌లో వైద్యం చదివిన డాక్టర్ సాన్ బా 1960లో మాండలే ఆస్పత్రిలో 83 ఏళ్ల బౌద్ధ సన్యాసినికి ఏనుగు దంతంతో చెక్కిన తుంటి బంతి అమర్చారు. అప్పటి బర్మాలో లోహపు కీలుకన్నా దంతమే చవక. తర్వాత రంగూన్ జనరల్ ఆస్పత్రిలోనూ పనిచేసిన ఆయన, మొత్తం మూడు వందలకు పైగా ఇలాంటి ఆపరేషన్లు చేశారు. కాలం గడిచేకొద్దీ రోగి ఎముక ఆ దంతాన్ని అంటిపెట్టుకునేది.

వేలి కణుపు అంత తేలిగ్గా లొంగలేదు. 1959లో అమెరికా సైనిక వైద్యులు బ్రానన్, క్లీన్ లోహపు కీలు గురించి రాశారు. చూడడానికి అది తలుపు మడతబందే. సన్నటి వేలి ఎముకలో అలాంటి గట్టి లోహం వదులైపోయేది, లోపలికి దిగబడేది.

1960లలో మిచిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో ఆల్‌ఫ్రెడ్ స్వాన్సన్ ఒకే ముక్క సిలికాన్‌తో కీలు తయారుచేశారు. రెండు కాడలు, మధ్యలో వంగే నడుము, అంతే. సిమెంటు లేదు, స్క్రూ లేదు. వేలు మడిచినప్పుడల్లా కాడలు ఎముక గొట్టంలో కాస్త జారతాయి. లోపంలా కనిపించే ఈ జారుడు వల్లే ఒత్తిడి ఒక్కచోట పేరుకోదు. ఈలోగా శరీరం దాని చుట్టూ పీచు కణజాలంతో తొడుగు అల్లుతుంది. నా దృష్టిలో అసలు కీలు ఆ తొడుగే. కొన్నేళ్లకు సిలికాన్ విరిగినట్టు ఎక్స్‌రేలో కనిపించినా, కొందరి వేళ్లు మామూలుగానే పనిచేస్తుంటాయి.

తర్వాత పైరోకార్బన్ అనే కార్బన్ పదార్థం వచ్చింది. అణు ఇంధన కణాలకు పూతగా మొదలై, గుండె కవాటాల మీదుగా 1979లో వేలు అరచేతిని కలిసే కీలుకు, ఆపైన మధ్య కణుపుకూ చేరింది. కొందరి వేళ్లు మాత్రం మడిచినప్పుడు కిర్రుమన్నాయి!

వేలి కీళ్ల అరుగుదలకు మందులు, పట్టీలు, ఇంజెక్షన్లు పనిచేయనప్పుడే కత్తి పడుతుంది. అప్పుడూ కొత్త కీలు అందరికీ కాదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు పిడికిలి బిగించాలి కాబట్టి వాటి మధ్య కణుపులో సిలికాన్ నప్పుతుంది. చూపుడు వేలిని బొటనవేలు పక్కనుంచి నొక్కుతుంటుంది. ఆ ఒత్తిడికి సిలికాన్ వాలిపోవచ్చు. అందుకే అక్కడ చాలామంది సర్జన్లు ఎముకలను కలిపి అతికించేస్తారు. గోరు దగ్గరి కణుపుకూ సాధారణంగా అతుకే: మిగిలిన మృదులాస్థిని గీకి, తల లేని స్క్రూతోనో సన్నని తీగలతోనో బిగిస్తారు. ఆ కణుపు ఇక వంగదు, నొప్పీ పోతుంది. కొత్త కీలు వేయించుకున్నవాళ్లకూ ఎక్కువగా తగ్గేది నొప్పే. వంపు దాదాపు ముందున్నంతే. ఈ సంగతి ఆపరేషన్ బల్ల ఎక్కకముందే రోగికి చెప్పాలి.