చెర వీడిన చిన్నారుల సేవకు విదేశాలకు వెళ్తున్నారా?
ఔత్సాహికులు ముందుగా తెలుసుకోవాల్సినవి

చేపల కోసం వేసిన వల నీటి అడుగున చెట్టు మోడుకు చిక్కుకుంటుంది. దానిని విడిపించేందుకు పడవలోంచి నీటిలోకి దూకేది పదేళ్లయినా నిండని బాలుడు. పైకి తేలితే సరి, లేకుంటే అంతే. పశ్చిమాఫ్రికా దేశమైన ఘనాలో, ఓల్టా సరస్సుపై దశాబ్దాలుగా సాగుతున్న దారుణమిది. ఈ చెర నుంచి బయటపడిన చిన్నారులకు సేవ చేసేందుకు వివిధ దేశాల యువత అక్కడికి తరలివెళ్తోంది. మన ప్రాంతం నుంచి వెళ్లదలచిన వారు అక్కడి పరిస్థితులను, తమ బాధ్యతను ముందే గ్రహించడం అవసరం.

సరస్సు వెనుక కథ
అకోసొంబో వద్ద 1965లో ఆనకట్ట పూర్తి కావడంతో ఓల్టా సరస్సు ఏర్పడింది. సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో ఇది ప్రపంచంలోని అతి పెద్ద మానవ నిర్మిత జలాశయాల్లో ఒకటిగా నిలిచింది. ముంపునకు గురైన అడవుల్లోని చెట్ల మోడులు నీటి అడుగునే ఉండిపోయాయి. వలలు చిక్కుకునేది వాటికే. తీరప్రాంత పల్లెల్లోని నిరుపేద తల్లిదండ్రులకు దళారులు కొద్దిపాటి సొమ్ము ముట్టజెప్పి, చదువు చెప్పిస్తామని నమ్మించి పిల్లలను తీసుకువెళ్తారు. తెల్లవారకముందే తెడ్డు వేయడం, పడవలో చేరిన నీటిని తోడటం, వలల చిక్కులు తీయడం వీరి దినచర్య. నీటి ద్వారా సోకే బిల్హార్జియా వ్యాధి అదనపు శాపం.

చట్టం ఏమంటోంది?
మనుషుల అక్రమ రవాణాను నేరంగా పరిగణిస్తూ ఘనా 2005లో ప్రత్యేక చట్టం చేసింది. అయితే సరస్సుపై కనిపించే ప్రతి బిడ్డా అమ్ముడుపోయిన బిడ్డ కాదు. బంధువుల ఇంట ఉంటూ కులవృత్తి నేర్చుకునేవారూ ఉంటారు. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో తేల్చవలసింది అధికారుల విచారణే తప్ప, సేవకు వచ్చిన అతిథి కాదు.

బాధితుడే రక్షకుడై...
ఆరేళ్ల వయసులో ఈ సరస్సుకు తరలింపబడి, ఏడేళ్లు వెట్టి అనుభవించి తప్పించుకున్న జేమ్స్ కోఫీ అన్నన్ ఉదంతం స్ఫూర్తిదాయకం. (ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ వేరు.) పట్టుదలతో చదివి బ్యాంకు ఉద్యోగి అయిన ఆయన 2003లో విన్నెబాలో ‘చాలెంజింగ్ హైట్స్’ సంస్థను స్థాపించారు. విముక్తులైన పిల్లలకు ఆశ్రయం, వైద్యం, చదువు కల్పించి తిరిగి కుటుంబాల చెంతకు చేర్చడం దీని ధ్యేయం.

మంచి మనసు ఒక్కటే చాలదు
అయినవారికి దూరమై గాయపడిన పసిమనసు దగ్గరకు తీసిన వారిని అల్లుకుపోతుంది. రెండు వారాలుండి వెళ్లిపోతే అది మరో ఎడబాటు అవుతుంది. సందర్శకుల విరాళాల కోసం తల్లిదండ్రులున్న పిల్లలను సైతం అనాథలుగా చూపే ఆశ్రమాలు పలు దేశాల్లో వెలుగుచూశాయి. ఈ ముప్పును ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019లో చేసిన తీర్మానంలోనూ ప్రస్తావించింది.

వెళ్లేవారు పాటించవలసినవి
* సంస్థకు స్థానిక ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో నిర్ధారించుకోవాలి. మీ నేర చరిత్రను ఆరా తీయకుండానే పిల్లల మధ్యకు రమ్మనే సంస్థను నమ్మరాదు.
* పిల్లల ఫొటోలు, పేర్లు, గతం బయటపెట్టరాదు. దళారులు తిరిగి వారి జాడ పట్టే ప్రమాదం ఉంది.
* గడచిన కష్టాలను గుచ్చిగుచ్చి అడగరాదు.
* పిల్లలను నేరుగా సాకడం కంటే ఉపాధ్యాయులకు శిక్షణ, లెక్కల నిర్వహణ, వైద్య సేవల వంటి నైపుణ్యాలను అక్కడి సిబ్బందికి అందించడం మేలు.
* ఘనా వెళ్లేందుకు, తిరిగి భారత్ చేరేందుకు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే టీకా వేయించుకోవాలి.

ఇంటి ముంగిటా అనుభవముంది
పని నుంచి పిల్లలను తప్పించి బడిబాట పట్టించడంలో తెలుగు నేల లోకానికి పాఠం చెప్పింది. రంగారెడ్డి జిల్లాలో 1991లో ఈ కృషి ఆరంభించిన ఎం.వి.ఫౌండేషన్‌కు సారథ్యం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. బ్రిడ్జి కోర్సులతో వేల మంది పిల్లలు బడిలో చేరారు. ఊరంతా కదిలితేనే అది సాధ్యమైంది. ఘనాలోనైనా, మన గ్రామంలోనైనా బిడ్డకు శాశ్వత రక్షణ ఇచ్చేది ఇల్లు, బడి, ఊరు. వాటికి ఊతమివ్వడమే దూరదేశం నుంచి వచ్చినవారు చేయగల అసలైన సేవ.