రాకెట్టు పట్టినవారిలో రాజెవరు?

వాదించటం మా తెనాలివాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. మా తాతలు రామవిలాస సభవారి నాటకాలు చూసి, బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావుగారి సత్యభామ గొప్పా, చిత్రాంగి గొప్పా అని తెల్లవార్లూ తగువులాడుకునేవారట. మేము టెన్నిసులో పడ్డాం.

ఇంతవరకు పుట్టిన టెన్నిసు ఆటగాళ్ళలో మేటి ఎవరు? ఆమధ్య రేపల్లెలో మా బావగారింట్లో ఈ ప్రశ్న లేచింది. ఆయన లెక్కల మాస్టారు. అంకె ఆయనకు పరబ్రహ్మం.

“గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు ఫెదరర్‌కు 20, నాదల్‌కు 22, జోకోవిచ్‌కు 24. ఇంకా వాదనేమిటండీ?” అన్నారు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పద్యాలు లెక్కపెట్టి తిక్కన గొప్పో పోతన గొప్పో తేల్చిన విమర్శకుణ్ణి ఇంతవరకు చూడలేదు. నా ఓటు ఆస్ట్రేలియావాడు రాడ్ లేవర్‌కు. ఆయన గెలిచినవి 11 మాత్రమే, నిజమే. 1962లో ఒకే ఏడాది నాలుగు పోటీలూ గెలిచి, ఆ మరుసటి ఏడు డబ్బుకు ఆడే వృత్తి ఆటగాళ్ళలో చేరాడు. అలాంటివారికి ఆ రోజుల్లో ఈ నాలుగింటిలోనూ ప్రవేశం లేదు. 1968లో తలుపులు తీసేదాకా, అంటే 24 ఏళ్ళ నుంచి 29 దాకా, వయసంతా గుమ్మం బయటే గడిచింది.

“ఆడనివ్వని ఏళ్ళను ఏ పద్దులో రాస్తారు బావగారూ?” అన్నాను.

“1962లో రోజ్‌వాల్, గొంజాలెస్ వంటి దిట్టలూ బయటే ఉన్నారు కదండీ! వాళ్ళు లేనిచోట గెలిచాడు. పైగా నాలుగింటిలో మూడు గడ్డిమీదే.”

మాస్టారి బుర్ర మాస్టారి బుర్రే! కాని 1969లో, అందరూ బరిలో ఉండగా, లేవర్ మళ్ళీ నాలుగూ గెలిచాడు. మగవారి సింగిల్స్‌లో ఆ పని రెండుసార్లు చేసినవాడు మరొకడు లేడు. (1961 వింబుల్డన్ సెమీఫైనల్లో మన రామనాథన్ కృష్ణన్‌ను ఓడించిందీ ఈయనే. నేను పుట్టకముందు సంగతి గనక క్షమించాను.)

బాపట్లలో చదువుతున్న మా మేనకోడలు అంతసేపూ వింటూనే ఉంది.

“మావయ్యా, రాజు కోసమేనా వెతుకులాట? మార్గరెట్ కోర్ట్‌వీ 24. సెరెనావి 23. స్టెఫీ గ్రాఫ్ 1988లో నాలుగూ గెలిచి సియోల్ ఒలింపిక్స్ బంగారం కూడా తెచ్చుకుంది.”

“కోర్ట్‌వి 11 ఆస్ట్రేలియాలో గెలిచినవేనమ్మా. అంతదూరం అప్పట్లో చాలామంది వెళ్ళేవారు కాదు” అన్నారు బావగారు.

“అయితే అంకెను నమ్మకూడదా, నాన్నా?”

బావగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. పిల్ల వదల్లేదు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2015లో హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచిందనీ, మిక్స్‌డ్‌తో కలిపి ఆమెవి ఆరు టైటిళ్ళనీ, డబుల్స్ గనక ఈ వాదాల్లో ఎవరూ ఎత్తరనీ గడగడా అప్పజెప్పింది. ఏడాదిగా రాకెట్టు కొనమని ఆ పిల్ల అడుగుతోంది. డిగ్రీ అయ్యాక చూద్దామని తండ్రి దాటవేస్తున్నాడు.

“మావయ్య అడిగిందే అడుగుతున్నా నాన్నా. ఆడనివ్వని ఏళ్ళు ఏ పద్దులో?”

తెనాలి బండికి వేళయిందని నేను లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక బావగారి గొంతు వినిపించింది: “రాకెట్టు ఎంతుంటుందే?”