తడబడు ఇంజను

నాడి చూడక మందిచ్చు వైద్యుని ఎవరును నమ్మరు. మంచి వైద్యుడు మొదట రోగిని ప్రశ్నించును. గుండె చప్పుడు వినును. పిమ్మటనే మందు వ్రాయును. తడబడుచు నడచు పాత మోటారుకారును బాగుచేయువాడును అట్లే చేయవలెను. కాని పెక్కుమంది తోచిన భాగమునెల్ల మార్చి చూతురు. ధనము వ్యయమగును, దోషము మాత్రము పోదు.

ఒక పల్లెలో ఒక రైతునకు పాత అంబాసిడరు కారు కలదనుకొందము. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన కారు అది. రాత్రివేళ ఎవరికైన జబ్బు చేసినచో పట్టణపు ఆసుపత్రికి చేర్చుటకు ఆ ఊరివారికి అదియే దిక్కు. కొన్ని దినములనుండి ఆ కారు నిలిచియున్నపుడు వణకుచున్నది, ఎత్తు ఎక్కలేకున్నది, పెట్రోలు ఎక్కువగా త్రాగుచున్నది. ఒకరు కార్బొరేటరు మార్చుమనిరి. మరొకరు ఇంజను పని అయిపోయినది, పాత ఇనుముక్రింద అమ్మివేయుమనిరి. ఎవరి మాట వినవలెను? ఎవరి మాటయు కాదు. ఇంజను మాట వినవలెను.

ఆ మాట తెలియుటకు ఇంజను నడచు విధము తెలియవలెను. జర్మనీ దేశస్థుడైన నికొలాస్ ఆటో 1876లో నాలుగు దశలతో నడచు ఇంజనును నిర్మించెను. పెట్రోలు కారు ఇంజను నేటికిని ఆ పద్ధతిననే నడచుచున్నది. పిస్టను క్రిందికి దిగి గాలిని, పెట్రోలును పీల్చును. పైకి వచ్చి ఆ మిశ్రమమును నొక్కును. స్పార్కు ప్లగ్గునుండి నిప్పురవ్వ పుట్టగా మిశ్రమము మండి పిస్టనును క్రిందికి త్రోయును. పిస్టను మరల పైకి వచ్చి పొగను వెడలగొట్టును. ఇంజను నిమిషమునకు 3000 సార్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 25 మారులు ఈ మంట మండవలెను. నాలుగు సిలిండర్లలో ఒకటి మండకున్నను నలుగురు మోయు పల్లకిలో ఒకడు భుజము తీసినట్లగును.

కనుక మంటకు మూడు వలయును: తగిన మిశ్రమము, సమయమునకు నిప్పురవ్వ, చాలినంత ఒత్తిడి. తడబాటునకు కారణము సాధారణముగా ఈ మూటిలోనే యుండును.

మొదట చెవియొగ్గి వినవలెను. తడబాటు లెక్క తప్పక వచ్చుచున్నచో దోషము ఒక్క సిలిండరులోనిది కావచ్చును. ఒకప్పుడు వచ్చుచు ఒకప్పుడు మానుచున్నచో కార్బొరేటరు, డిస్ట్రిబ్యూటరులోని కాంటాక్టు పాయింట్లు మొదలగు అన్నిటికి ఉమ్మడియైన భాగములను అనుమానింపవలెను. మన కారు తడబాటు లెక్కప్రకారము వచ్చుచున్నది.

ఏ సిలిండరు పనిచేయుట లేదో ఎట్లు తెలియును? అనుభవముగల మెకానిక్కు ఇంజను నడచుచుండగా ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగా తొలగించి చూచును. ఆ తీగలలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ప్రవహించును. కావున పిల్లలు దానిని ముట్టరాదు. పనిచేయు సిలిండరు తీగ తీసినచో వణకు హెచ్చును. పనిచేయని దాని తీగ తీసినను ఏ మార్పును ఉండదు. మన కారులో మూడవ తీగ తీసినపుడు మార్పు లేదు. దొంగ ఏ ఇంట దాగెనో తెలిసినది.

పిమ్మట ఇంజనును ఆపి, మూడవ ప్లగ్గును రెండవ దానితో తారుమారు చేసిరి. దోషము ప్లగ్గుదైనచో అది రెండవ సిలిండరునకు పోవలెను. పోలేదు. తీగలో నిప్పురవ్వయు బలముగానే యున్నది. కార్బొరేటరు నాలుగింటికిని ఒక్కటే; మిగిలిన మూడును చక్కగా మండుచున్నవి గనుక దానిని నిందించుటకు వీలులేదు. మిగిలినది ఒత్తిడి.

ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో గేజి పెట్టి కొలిచిరి. మూడవ సిలిండరులో ఒత్తిడి మిగిలిన వాటిలో సగమైనను లేదు. అందు చెంచాడు నూనె పోసి మరల కొలిచిరి. పిస్టను రింగులు అరిగియున్నచో నూనె ఆ సందును కప్పి ఒత్తిడిని పెంచును. ఇచ్చట పెరుగలేదు. కావున గాలి పోవుచున్నది వాల్వు వద్ద. మూత విప్పి చూడగా ఒక వాల్వునకు ఉండవలసిన సన్నని ఎడము బొత్తిగా లేదు. అందుచే వాల్వు పూర్తిగా మూసికొనుట లేదు. ఆ ఎడమును సరిచేసిన పిదప నాలుగు సిలిండర్లలోను ఒత్తిడి సమానమయ్యెను. ఇంజను సాఫీగా తిరిగెను. క్రొత్త భాగమొక్కటియు కొనలేదు. ఇంకను కొంతకాలము ఉపేక్షించియున్నచో వాల్వు కాలిపోయి వ్యయము పలురెట్లయ్యెడిది.

ఒక హెచ్చరిక: మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణము తీయగలదు.

విద్యార్థులారా! ఇచ్చట మెకానిక్కు చేసినదేమి? ఒక్కొక్క మారు ఒక్క మార్పే చేసెను; ఫలితము చూచెను; కాదని తేలినదానిని విడిచెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో దేనివలన గుణము కలిగెనో తెలియదు. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేయునదియు ఇదియే. ఆ పల్లెలో మరల రాత్రివేళ ఎవరికైన జబ్బు చేసినపుడు ఆ పాత కారు కదలునా, కదలదా అనునది ఇంతటి ఓపికమీద ఆధారపడియున్నది.