చిప్ప నుంచి నిప్పు దాకా: ఉత్తరాంధ్రలో బొగ్గు బ్రికెట్ల తయారీ

మాంసం, చేపలు, మొక్కజొన్న కండెలు కాల్చుకోవడానికి వాడే బొగ్గు బ్రికెట్ అంటే బొగ్గుపొడిని జిగురుతో కలిపి, అచ్చులో నొక్కి, ఆరబెట్టిన గట్టి బిళ్ల. మామూలు కట్టెబొగ్గులో చిన్నాపెద్దా ముక్కలు కలిసి ఉండటం వల్ల నిప్పు ఒకచోట ఎగసి మరోచోట మందగిస్తుంది. ఒకే కొలతలో ఉండే బ్రికెట్లు మాత్రం నిలకడగా, ఎక్కువసేపు వేడినిస్తాయి. ఈ గుణమంతా అచ్చు యంత్రం వల్లనే వస్తుందని అనిపించవచ్చు గానీ, నిజానికి బ్రికెట్ మంచిచెడ్డలు చాలావరకు అంతకు ముందే, ముడిసరుకును ఎంచుకోవడంలోనూ దానిని బొగ్గుగా మార్చే తీరులోనూ తేలిపోతాయి. కొబ్బరి చిప్పలు, జీడిపిక్కల పెంకు, గోగు పుల్లలు, వరి ఊక వంటి వ్యర్థాలన్నీ దొరికే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ విషయం మరీ ముఖ్యమైనది. ఎందుకంటే మండే ప్రతి పదార్థమూ వంటకు పనికిరాదు.

ఈ పరిశ్రమ మొదటి నుంచీ వ్యర్థాల మీదనే పెరిగింది. 1920వ దశకంలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో హెన్రీ ఫోర్డ్ సంస్థ, కార్ల తయారీకి కోసిన కలపలో మిగిలిన ముక్కలను, రంపపు పొట్టును బ్రికెట్లుగా మార్చి అమ్మింది. నేటి కింగ్స్‌ఫర్డ్ బ్రాండు బ్రికెట్ల పుట్టుక అదే.

ఏది దేనికి పనికివస్తుంది

వంట నిప్పుకు ఉత్తరాంధ్రలో దొరికే వాటిలో మేలైనది కొబ్బరి చిప్ప. కలపకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఇందులో ఎక్కువగా, బూడిదగా మిగిలే ఖనిజాలు తక్కువగా ఉండటం వల్ల దీని బొగ్గు చిక్కగా ఉండి, పొగ లేకుండా నిదానంగా కాలుతుంది. కవిటి, సోంపేట, కంచిలి ప్రాంతాలతో కూడిన ఉద్దానం కొబ్బరికి పేరెన్నిక గన్నదే అయినా, అక్కడి కాయల్లో చాలా భాగం పీచు వలిచిన కాయలుగానే ఇతర రాష్ట్రాలకు తరలిపోవడంతో వాటి చిప్పలు కూడా వాటితోపాటే వెళ్లిపోతాయి. అందువల్ల ఎండుకొబ్బరి తీసే కళ్లాలు, నూనె మిల్లులు, ఆలయాలు, హోటళ్ల వద్ద మిగిలే చిప్పలను క్రమపద్ధతిలో సేకరించడమే మొదటి మెట్టు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పెద్దయెత్తున కూల్చివేసింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది గనుక, ఒకే ముడిసరుకును నమ్ముకున్న పరిశ్రమకు ఈ తీరంలో భద్రత లేదన్నది ఆ విపత్తు నేర్పిన పాఠం.

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కర్మాగారాల్లో మిగిలే పిక్కల పెంకు స్వభావం వేరు. దాని బరువులో సుమారు నాలుగో వంతు, చర్మంపై పడితే బొబ్బలెక్కించే జీడినూనె ఉంటుంది. బ్రేకు లైనింగులు, రంగులు, రెసిన్ల తయారీకి విలువైన ఈ నూనె పెంకులో ఉండగానే కాలిస్తే వెలువడే ఘాటైన పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది. కాబట్టి ముందు నూనె తీసి, మిగిలిన పిప్పిని వంట నిప్పుకు కాక కర్మాగారాల బాయిలర్లకు పంపడమే వివేకం.

గోగునార తీశాక మిగిలే పుల్లల బొగ్గు తేలికైనది. చప్పున అంటుకుంటుంది గానీ ఎక్కువసేపు నిలవదు. బంగ్లాదేశ్ జనపనార పుల్లల బొగ్గును ఎగుమతి సరుకుగా మార్చుకుంది. ఇక్కడ గోగు పుల్లల బొగ్గును కొబ్బరి బొగ్గులో కొద్దిపాటిగా కలిపితే బ్రికెట్ సులువుగా రాజుకుంటుంది. వరి ఊకలో దాదాపు అయిదో వంతు బూడిదే, అందులోనూ చాలావరకు సిలికా. బొగ్గుగా మారేటప్పుడు మిగతా భాగం తగ్గిపోయి ఆ బూడిద పాలు ఇంకా పెరుగుతుంది గనుక, కాల్చుకు తినే వంటల బ్రికెట్లలో ఊకను వాడకపోవడమే మంచిది.

కాల్చడంలోని మెళకువ

గాలి చాలా తక్కువగా తగిలేటట్లు వేడిచేసి పదార్థంలోని తడిని, తారును, వాయువులను వెళ్లగొట్టి కర్బనాన్ని మిగల్చడమే బొగ్గు చేయడం. ఈ పనికి సాధారణంగా 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇనుప డ్రమ్ములో ఎండిన చిప్పలు నింపి నిప్పు పెట్టినప్పుడు మొదట నీటి ఆవిరితో దట్టమైన తెల్లటి పొగ, ఆ తరువాత తారు నిండిన పసుపు పొగ వస్తాయి. పొగ పలచబడి నీలిరంగుకు తిరిగినప్పుడు రంధ్రాలన్నీ మూసి, అంచులకు మట్టి మెత్తి, డ్రమ్ము పూర్తిగా చల్లారే వరకు కదపకుండా ఉంచాలి. తొందరపడి మూత తీస్తే గాలి తగిలి బొగ్గు మళ్లీ రాజుకుని బూడిదవుతుంది. బాగా కాలిన చిప్ప బొగ్గు విరిస్తే నల్లగా నిగనిగలాడుతుంది, నేలపై వేస్తే ఖంగుమంటుంది. గోధుమరంగు మిగిలి ఉంటే సగమే కాలిందని అర్థం. 100 కిలోల ఎండు చిప్పలకు 25 నుంచి 30 కిలోల బొగ్గు వస్తుంది. వెలువడే వాయువులను గాలిలోకి వదలక, వాటిని మండించి ఆ వేడినే బ్రికెట్ల ఆరుదలకు మళ్లించే బట్టీ పొగ బాధనూ ఇంధన ఖర్చునూ ఒకేసారి తగ్గిస్తుంది.

జిగురు, ఆరుదల

బొగ్గుపొడికి తనంతట తాను అతుక్కునే గుణం లేదు గనుక జిగురు తప్పనిసరి. ఆహారానికి తగినది కర్రపెండలం వంటి వాటి పిండిని నీటిలో ఉడికించి, బట్టలకు పెట్టే గంజిలా చేసిన జిగురు. బొగ్గు బరువులో సుమారు అయిదు శాతం పిండి సరిపోతుంది. తగ్గితే బిళ్లలు రవాణాలో పొడి అవుతాయి, పెరిగితే పొగ వస్తుంది, బూజు పడుతుంది. బంకమట్టి చవకే అయినా బూడిదను పెంచుతుంది. చక్కెర కర్మాగారాల మొలాసిస్ బాగా అతికినా మొదట్లో వాసనతో కూడిన పొగనిస్తుంది.

అచ్చు నుంచి వచ్చిన బిళ్లలో తడి చాలా ఉంటుంది. బిళ్లను ఒక్కసారిగా ఎక్కువ వేడికి గురిచేస్తే పైపొర ముందుగా బిగిసి లోపలి ఆవిరికి దారిలేక బిళ్ల పగులుతుంది. కాబట్టి మొదట నీడలో, తరువాత సుమారు 80 డిగ్రీల వేడిగాలిలో ఆరబెట్టాలి. సముద్రపు తేమ గాలి, దీర్ఘమైన వానకాలం ఉన్న ఈ తీరంలో ఎండనే నమ్ముకున్న తయారీ సగం ఏడాది కుంటుపడుతుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం వంట బ్రికెట్‌లో తడి 8 శాతానికి, బూడిద 18 శాతానికి మించకూడదు. వాయువులు పోగా నిజంగా మండటానికి మిగిలే స్థిర కర్బనం 60 శాతానికి తగ్గకూడదు. ఎంత మేలైన బ్రికెట్ అయినా కాలేటప్పుడు రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడును వెలువరిస్తుంది గనుక, మూసిన గదిలో ఎన్నడూ వెలిగించరాదన్న హెచ్చరిక ప్రతి సంచిపైనా తెలుగులో ఉండాలి.

చిప్పలకు బరువు కన్నా పరిమాణం ఎక్కువ. బొగ్గయ్యాక బరువు మూడో వంతు కన్నా తక్కువకు పడిపోతుంది. అందుచేత బొగ్గు చేసే పని ఊళ్లలో కొబ్బరి కళ్లాల చెంతనే జరిగి, పొడి చేయడం, అచ్చు, ఆరుదల, పరీక్ష మాత్రం ఒక ఉమ్మడి కేంద్రంలో జరిగితే రవాణా ఖర్చు తగ్గుతుంది, నాణ్యత అంతటా ఒకేలా ఉంటుంది. స్వయం సహాయక సంఘాలకు సైతం అందుబాటులో ఉండే ఈ ఏర్పాటుకు పెద్ద యంత్రాల కన్నా ముందు కావలసింది, చిప్పను వంట నిప్పుకు, జీడి పిప్పిని బాయిలరుకు వేరుచేసి పెట్టే క్రమశిక్షణ.