తలకిందులైతే... తల ఎత్తొద్దు!

పడవ బోల్తా పడింది. లోపలి మనిషి కనిపించడంలేదు. ఒడ్డున ఉన్నవాళ్లు 'అయ్యో' అనేలోపే నీళ్లలోంచి ఓ తెడ్డు బయటికొచ్చింది. పడవ గిర్రున తిరిగింది. మనిషి మళ్లీ పైన! హెల్మెట్‌ మీంచి నీళ్లు కారుతుంటే, ఏమీ జరగనట్టే తెడ్డేసుకుంటూ వెళ్లిపోయాడు. కొండల్లో ఉరకలేసే నదుల మీద కెనూ నడిపేవాళ్లకి ఇది మామూలే. దీని పేరు 'రోల్‌'. చూడ్డానికి గారడీలా ఉంటుంది. నేర్చుకోవాలంటే మాత్రం ప్రతి మనిషికీ ఉండే ఓ అలవాటుని వదులుకోవాలి. నీళ్లలో మునగ్గానే ముందు తల పైకెత్తే అలవాటుని!

కెనూ అనగానే పైన తెరిచి ఉండే పొడవాటి పడవే గుర్తొస్తుంది. బండల మధ్య నుంచి నురగలు కక్కుతూ దూకే నీళ్లలో అలాంటిదాన్ని వదిలితే క్షణాల్లో నిండిపోతుంది. అందుకే పైన మూత ఉన్న కెనూలు వచ్చాయి. మధ్యలో మనిషి పట్టేంత కంత ఉంటుంది. అందులోకి దిగి, నడుముకి తొడుక్కున్న 'స్ప్రే డెక్‌' అంచుని కంత చుట్టూ సాగదీసి బిగిస్తారు. ఇక అలలు మీదపడినా పడవ నిండదు. చూసినవాళ్లు దీన్ని కయాక్‌ అనుకుంటారు. తేడా లోపలుంది. కయాక్‌లో కాళ్లు చాపుకుని కూర్చుంటారు, తెడ్డుకి రెండు చివర్లా నీటిని తోసే రెక్కలుంటాయి. కెనూలో మోకాళ్ల మీద కూర్చోవాలి, తెడ్డుకి ఒకటే రెక్క. పోటీల భాషలో ఒక్కరే నడిపే కయాక్‌ 'కె-1', కెనూ 'సి-1'.

ఆ కూర్చోవడంతోనే తంటా మొదలవుతుంది. ఫోమ్‌తో చేసిన చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు వెనక్కి మడిచి, తొడల మీదుగా పట్టీలు బిగించుకోవాలి. వజ్రాసనం వేసేవాళ్లకి ఈ భంగిమ కొత్తకాదు కానీ, మిగతావారికి కాసేపటికే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మనిషి కాస్త ఎత్తులో ఉంటాడు కాబట్టి కయాక్‌ కన్నా ఊగిసలాట ఎక్కువ. పైగా తెడ్డు ఒకవైపే. రెండోవైపు ఒరిగితే ఆపుకోవడానికి చేతిలో ఊతం ఉండదు.

'బోల్తా పడితే పట్టీలు వదిలించుకుని బయటికొచ్చేస్తే సరి' అనిపించొచ్చు. నిజమే, మొదటి పాఠం అదే. స్ప్రే డెక్‌ ముందుభాగంలో ఉండే పట్టీని లాగి, తొడల పట్టీలు విడిపించుకుని ఈదుకుంటూ బయటపడటం రానివాళ్లకి రెండో పాఠం చెప్పరు. మన కృష్ణ, తుంగభద్రల్లో తిరిగే పుట్టి బోల్తా పడినా చేసేది అదేగా! కానీ ఉరకలేసే నీళ్లలో ఈదే మనిషి నేరుగా బండలకు తగులుతాడు. లోతు తక్కువుందని నిలబడబోతే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. వెనకనుంచి ప్రవాహం మనిషిని ముందుకి పడదోసి నీళ్లకింద అదిమేస్తుంది. ఈ నదుల్లో అన్నిటికన్నా భయపడాల్సింది దానికే. అందుకే వీలైనంతవరకూ పడవలోనే ఉండి లేవడం మేలు.

ఈ విద్య ఆటగాళ్లు కనిపెట్టింది కాదు. గ్రీన్‌లాండ్‌లో సీల్‌ చర్మంతో చేసిన కయాక్‌ల మీద వేటకెళ్లే ఇన్యూట్‌లది. గడ్డకట్టే సముద్రంలో పడవ వదిలేస్తే బతకడం కష్టం. అందుకే లేవడానికి ఒకటి కాదు, ఎన్నో పద్ధతులు కనిపెట్టుకున్నారు. ఆస్ట్రియాకి చెందిన హాన్స్‌ ఎడ్వర్డ్‌ పావ్లాటా వాళ్ల గురించి పుస్తకాల్లో చదివి, 1927లో వైసెన్‌సీ అనే సరస్సులో తనకు తానే సాధన చేసి రోల్‌ సాధించాడు. యూరప్‌లో ఆ పని చేసిన మొదటి వ్యక్తిగా ఆయన్నే చెబుతారు. కయాక్‌లో వచ్చిన ఆ విద్యే తర్వాత ఒంటిరెక్క తెడ్డుతో కెనూలోకీ వచ్చింది.

ఇక నేర్చుకోవడం సంగతి. మొదలు నదిలో కాదు, ఈతకొలనులో. ముక్కుకి క్లిప్పు, పక్కనే నడుములోతు నీళ్లలో నిలబడిన శిక్షకుడు. తొలిరోజుల్లో తెడ్డు ఇవ్వరు. కొలను గట్టుని రెండు చేతులతో పట్టుకుని, పడవని పక్కకి ఒరగనిచ్చి, నడుము విదిలింపుతో మళ్లీ నిలబెట్టాలి. దీన్ని 'హిప్‌ స్నాప్‌' అంటారు. కిందున్న మోకాలితో పడవని తన కిందికి లాక్కోవాలి. చెవి గట్టువైపే వాలి ఉండాలి. చేతుల మీద బరువు పడుతోందంటే తప్పు చేస్తున్నట్టే.

తల ఎందుకు ఎత్తకూడదు? నీళ్లలో ఉన్నంతసేపూ తల బరువుని నీరే మోస్తుంది. బయటికి రాగానే ఆ నాలుగైదు కిలోలూ మనమే ఎత్తాలి. అదొక్కటే అయితే పర్వాలేదు. గాలికోసం తల పైకి లాగితే నడుము అటువైపు వంగుతుంది, దాంతోపాటు ఆ వైపు మోకాలు బిగుసుకుని, లేవబోతున్న పడవని తిరిగి మీదికి లాక్కుంటుంది. అంటే గాలికోసం తొందరపడినవాళ్లకే గాలి దొరకదు! పడవ ముందు, ఒళ్లు తర్వాత, తల ఆఖరున... వరస ఇదే. చెబితే అందరికీ అర్థమవుతుంది. తలకిందులుగా, చెవుల్లో నీళ్లు హోరుమంటుంటే గుర్తుండటమే కష్టం. కండబలాన్ని నమ్ముకున్నవాళ్లు తెడ్డుని గట్టిగా కిందికి లాగి లేవాలని చూస్తారు. తెడ్డు మునుగుతుంది, మనిషీ మునుగుతాడు. బలం మీద ఆధారపడనివాళ్లకే ఇది త్వరగా పట్టుబడుతుంది.

గట్టు దగ్గర కుదిరాక తెడ్డు చేతికిస్తారు. బోల్తా పడగానే ముందుకి వంగి పడవకి అతుక్కుపోవాలి. నదిలో అయితే రాళ్ల దెబ్బ మొహానికి కాక హెల్మెట్‌కీ లైఫ్‌జాకెట్‌కీ తగులుతుంది. తెడ్డుని నీటి పైకి చేర్చి, పడవకి అడ్డంగా దూరం జరిపి, రెక్కని నీటిమీద పరిచి క్షణంపాటు ఆనాలి. అదే క్షణంలో నడుము విదిలింపు. ఇంతవరకూ కయాక్‌కి దగ్గరగానే ఉంటుంది. చివరిభాగమే సి-1 ప్రత్యేకం. మోకాళ్ల మీదున్న మనిషి ఒంటిని ఎత్తకుండా, మొహం దాదాపు నీటికి ఆనుకునేలా వంచి పడవ మీదికి తెచ్చుకోవాలి. ఈలోగా తెడ్డు పట్టు తిప్పి, పిడికిళ్లు కిందికి ఉండేలా నీటిని నొక్కి నిలబడాలి. తెడ్డు లేనివైపు పడితే? ఎదురుతిరగకూడదు. పూర్తిగా మునగనిచ్చి, పడవ కిందుగా తనవైపుకి వచ్చి లేవాలి.

కొలనులో మొదటిసారి లేచినప్పటి సంబరం ఎక్కువసేపు ఉండదు. ఆ తర్వాత పదిసార్లు ప్రయత్నించినా రాకపోవచ్చు. పూర్తిగా వచ్చిందనుకున్నాక నదిలోకి దిగితే మళ్లీ మాయం! నురగనీటిలో సగం గాలే కాబట్టి రెక్కకి ఆనిక దొరకదు. అందుకే పడగానే ఆత్రపడకుండా ప్రవాహం ఆ నురగని దాటించేదాకా వంగి ఆగాలి. పైన చూసేవాళ్లకి అది రెండుమూడు సెకన్లే. ఇలా ప్రవాహంలో నిజంగా బోల్తా పడినప్పుడు సాధించే రోల్‌కి ఆంగ్లంలో 'కాంబాట్‌ రోల్‌' అని పేరు... అంటే యుద్ధంలో పనికొచ్చేదన్నమాట.

సి-1 నడిపేవాళ్లు కయాకర్ల కన్నా తక్కువే. అయినా ఒలింపిక్స్‌ స్లాలమ్‌లో వీళ్ల పోటీ చూసితీరాలి. స్లొవేకియా కుర్రాడు మిఖాల్‌ మార్టికాన్‌ 1996లో 17 ఏళ్లకే స్వర్ణం గెలిచాడు. మహిళలకి ఈ విభాగం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోగానీ రాలేదు. ఆ తొలి స్వర్ణం ఆస్ట్రేలియాకి చెందిన జెస్సికా ఫాక్స్‌ది. 2024లో పారిస్‌లోనూ ఆమెదే. మన దగ్గర 2023 ఖేలో ఇండియా యూత్‌ గేమ్స్‌లో స్లాలమ్‌ పోటీలు మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్‌ దగ్గర నర్మదలో జరిగాయి. రిషికేశ్‌ దగ్గర గంగలో కయాక్‌ రోల్‌ నేర్పుతారు.

అయితే రోల్‌ వచ్చినంత మాత్రాన ఒంటరిగా వెళ్లొచ్చని ఏ శిక్షకుడూ చెప్పడు. బ్రిటన్‌ సాహసయాత్రికుడు గినో వాట్కిన్స్‌ 1930-31లో గ్రీన్‌లాండ్‌ యాత్రకు నాయకత్వం వహించినప్పుడు అక్కడి వేటగాళ్ల దగ్గర రోల్‌ నేర్చుకున్నాడు. 1932 ఆగస్టులో అక్కడే కయాక్‌ మీద ఒక్కడే సీల్‌ వేటకెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి 25 ఏళ్లు.

తోడు ఉంటే ఓ చిన్న ఉపాయం ఉంది. లేవలేకపోయినవాళ్లు రెండు చేతులూ బయటపెట్టి పడవ అడుగుని టపటపా కొడతారు. ఆ చప్పుడు వినగానే పక్కవాళ్లు తమ పడవ ముక్కుని ఆ చేతికి అందిస్తారు. దాన్ని పట్టుకుని లేచేటప్పుడు కూడా... తల ఆఖరునే!