చిలకలగూడ నుంచి ఫలక్‌నుమాకి... ఒక్క రాత్రి అతిథులం!

మా చిలకలగూడలో ఉండేవాళ్లకి ‘ఫలక్‌నుమా’ అన్న మాట చెవిన పడని రోజంటూ ఉండదు. పక్కనే సీతాఫల్‌మండి స్టేషన్లో ఆగే ఎంఎంటీఎస్ రైలు బోర్డు మీద ఆ పేరే. సికింద్రాబాద్ స్టేషనుకి ఎవరినైనా రైలెక్కించడానికి వెళితే, హౌరా వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ అంటూ మైకులో మళ్లీ అదే పేరు. ఇంతగా నోట్లో నానిన పేరే కానీ, ఆ మహల్ లోపల ఎలా ఉంటుందో చూసినవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు. పోయిన మాఘమాసం వరకూ నేనూ చూడలేదు.

మా పెళ్లిరోజుకి బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఒక కానుక పంపాడు. చీరా కాదు, మిక్సీ కాదు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇద్దరికి ఒక రాత్రి బస! మహల్ ఇప్పుడు హోటల్ కదా, తాజ్ వాళ్లు నడుపుతున్నారు. అద్దె ఎంతో వాడు చెప్పలేదు. నేనే కనుక్కున్నాను. అమ్మో! మావారి నెల పింఛనుకంటే ఎక్కువ. “ఆ డబ్బుతో ఇన్వర్టర్ వచ్చేది” అన్నారు మావారు. నా మనసులో కూడా అటువంటి లెక్కే నడిచింది. మూడు నెలల పచారీ సామాను, గ్యాసు బండతో సహా. కానీ వాడు డబ్బు కట్టేశాడు, అది తిరిగి రాదట. మావారేమో, “సొంత ఊళ్లో ఇల్లు పెట్టుకుని హోటల్లో పడుకోవడమేమిటి? నేను రాను” అని భీష్మించారు.

ఆ మాట మీదే నాకు అత్తయ్య గుర్తొచ్చారు.

గార్డుగారి మాట

అత్తయ్య 1963లో చిలకలగూడ రైల్వే క్వార్టర్స్‌కి కాపురానికి వచ్చారు. మామగారు గార్డు. అప్పట్లో కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వైపు వెళ్లేది మీటర్ గేజ్ లైను. ఆయన డ్యూటీ ఎక్కువగా దాని మీదే. బండి ఫలక్‌నుమా దగ్గరికొచ్చేసరికి గుట్ట మీద మహల్ ఉంటుందని, ఒకసారి నీకు చూపిస్తానని కొత్త పెళ్లికూతురికి మాటిచ్చారట. గుట్ట చూపించారు. లోపలికి ఎలా తీసుకెళతారు? మహల్‌కి తాళం! 1951లో బాబూ రాజేంద్రప్రసాద్‌గారు అతిథిగా ఉండి వెళ్లాక ఇక దాదాపు యాభై ఏళ్లు ఆ తలుపులు మూసే ఉన్నాయి. మామగారు రిటైరయ్యారు, తర్వాత పోయారు. తలుపులు తెరుచుకునేసరికి అత్తయ్యకి మోకాళ్ల నొప్పులొచ్చాయి.

నేను వెళ్లి అడిగితే, “నాకెందుకమ్మాయ్, మీరిద్దరూ వెళ్లిరండి” అన్నారు. ఆ సాయంత్రమే గంజి పెట్టిన నేత చీర తీసి మంచం మీద పరుచుకుని చూస్తున్నారు. ఇక నేను మళ్లీ అడగలేదు. సంచి సర్దేశాను.

కారు మాట్లాడతానన్నారు మావారు. అత్తయ్య ఒప్పుకోలేదు. మామగారి లైను మీదే వెళ్లాలన్నారు. సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ ఎక్కాం. కాచిగూడ, మలక్‌పేట, యాకుత్‌పురా, ఉప్పుగూడ... టిక్కెట్టు పట్టుమని పాతిక రూపాయలు కూడా లేదు. వెళ్లేదేమో అంత ఖరీదైన చోటికి! దిగాక ఆటో ఎక్కి గుట్ట కింద గేటు పేరు చెబితే, ఆటో అబ్బాయి అద్దంలోంచి మమ్మల్నిద్దర్నీ, మా జిప్పు సంచినీ ఒకసారి తేరిపార చూశాడు.

అప్పుల మహల్, ఆలి సలహా

ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం లాంటిదని అర్థం. చార్మినార్‌కి ఓ ఐదు కిలోమీటర్ల దూరంలో, గుట్ట మీద 32 ఎకరాల్లో ఉంది. దీన్ని కట్టించింది నిజాం కాదు. పాయ్‌గా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా కట్టించారు. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి బావగారు, తర్వాత హైదరాబాద్ ప్రధానమంత్రి కూడా అయ్యారు. 1884లో పునాది వేస్తే పూర్తవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ పాలరాయి, రంగు అద్దాలు, విదేశాల నుంచి కుర్చీలూ బల్లలూ. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందంటారు.

ఇల్లు కట్టి చూడు అన్నారు కదా పెద్దలు! అంతటి అమీరుకీ అదే అనుభవమైంది. మహల్ పూర్తయ్యేసరికి అప్పుల్లో పడ్డారు. అప్పుడు ఆయన భార్య, స్వయానా నిజాంకి సోదరి, ఒక ఉపాయం చెప్పిందని అంటారు. నిజాంని అతిథిగా పిలవమంది. ఆయన మహల్‌ని మెచ్చుకోగానే ‘ఇది తమదే ప్రభూ’ అని సమర్పించమంది. ప్రభువులు ఊరికే పుచ్చుకోరు కదా! అలాగే జరిగింది. 1897 ప్రాంతంలో మహల్ నిజాం చేతికి వెళ్లింది, పెట్టిన ఖర్చు వికారుల్ ఉమ్రాకి తిరిగొచ్చింది. హోటల్లో సాయంత్రంపూట అతిథులకి మహల్ అంతా తిప్పి చూపిస్తారు. అక్కడ ఈ కథ వినగానే అత్తయ్య, “ఇల్లు నిలబెట్టింది ఆవిడే అన్నమాట” అన్నారు. తిప్పి చూపిస్తున్న అబ్బాయి నవ్వేశాడు.

మహబూబ్ అలీఖాన్ 1911లో కన్నుమూసింది కూడా ఈ మహల్లోనే. ఆ తర్వాత ఏడో నిజాం ఇక్కడ కాపురం పెట్టలేదు. రాజుల్నీ, వైస్రాయిల్నీ దించే అతిథిగృహంగా వాడుకున్నారు.

గులాబీ రేకులు

గేటు దగ్గర్నుంచి పైకి గుర్రబ్బండిలో తీసుకెళ్లారు. అత్తయ్య ఎక్కడానికి మెల్లిగా స్టూలు వేసి, చెయ్యి పట్టుకున్నారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు రాలాయి. నేను బిడియంతో తల వంచుకున్నాను. అత్తయ్య మాత్రం ఆగి, తల పైకెత్తి, ఎవరు జల్లుతున్నారో చూసి, వాళ్లకి నమస్కారం పెట్టారు.

లోపల ఏమేం చూశామో చెప్పమంటే ఏది ముందు చెప్పను? పాలరాతి మెట్లకి ఆసరా లేకుండా నిలబడ్డాయా అనిపించే వంపు. గోడ పొడుగునా దొరల చిత్తరువులు. లండన్ దగ్గర విండ్సర్ కోటలో ఉన్న గ్రంథాలయం కప్పు చూసి చెక్కించిన కప్పుతో ఒక పుస్తకాల గది. బిలియర్డ్స్ బల్లకి జోడీ బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందట. ఇవన్నీ చూస్తూ నోరు తెరుచుకుని నడిచాం కానీ, నిజం చెప్పాలంటే మా ఇద్దరి కాళ్లూ ఆగిపోయింది భోజనాల గది దగ్గర.

ఒకే బల్ల. నూటొక్క మంది ఒకేసారి కూర్చుని తినేంత బల్ల! ఈ చివర్న గుసగుసగా మాట్లాడినా ఆ చివరికి వినపడేలా గది కట్టారట. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్‌కి మన ప్రధాని విందు ఇచ్చింది ఈ బల్ల మీదే, టీవీల్లో చూసే ఉంటారు. నేనేమో ఇంత మందికీ వడ్డించింది ఎవరు, అంట్లు తోమింది ఎవరు అని ఆలోచిస్తున్నాను. అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసి, “వంటిల్లు ఎక్కడ బాబూ? ఇక్కడికి తెచ్చేసరికి అన్నం చల్లారదూ?” అని అడిగేశారు.

ఇంకోమాట. అక్కడ గోడకి పాతకాలపు స్విచ్‌బోర్డు ఒకటుంది. దేశంలోకెల్లా పెద్దవాటిల్లో ఒకటని చెబుతారు. దాని ముందు అత్తయ్య చాలాసేపు నిలబడ్డారు. ఎందుకో ఇంటికెళ్లాక తెలిసింది.

మళ్లీ ఒక ఆడమనిషే

ఇప్పుడు మనం చూస్తున్న ఈ మెరుపంతా పాతది పాతగా మిగిలింది కాదు. యాభై ఏళ్ల మూసివేత తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకోండి. వేసవి సెలవులకి రెండు నెలలు ఊరెళ్లొస్తేనే మన ఇంట్లో బూజు, చెద! బాగుచేయించే బాధ్యత తీసుకున్నది ఎస్రా. ఏడో నిజాం మనవడు ముకర్రం జా మొదటి భార్య, టర్కీ దేశస్థురాలు. 1959లో పెళ్లి, తర్వాత విడాకులు. అలా విడిపోయిన చాలా ఏళ్లకి, 1990లలో, ఆస్తులన్నీ చిక్కుల్లో ఉన్నప్పుడు ఆవిడ తిరిగి హైదరాబాద్ వచ్చారు. ముందు చౌమహల్లా ప్యాలెస్ బాగుచేయించారు. దానికి 2010లో యునెస్కో గుర్తింపు దక్కింది. ఇటు తాజ్ వాళ్లతో కలిసి ఫలక్‌నుమా పని పదేళ్లు నడిపించారు. గోడల మీద బొమ్మలు, తోలు కుర్చీలు, తివాచీలు, తెరలు, ఒక్కొక్కటే పట్టుకుని చేయించుకొచ్చారు. 2010 నవంబరులో హోటల్ తలుపులు తెరిచారు. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో పోతే, మక్కా మసీదులో ఖననం చేశారు.

విడాకులిచ్చి వెళ్లిపోయిన ఇంటికి తిరిగొచ్చి బూజు దులపాల్సిన ఖర్మ ఆవిడకేమిటి అని నాకనిపించింది. పైకే అన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. “మీ మామయ్య రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేశాం. తాళం ఇచ్చే ముందురోజు వంటింటి గోడకున్న నూనె జిడ్డంతా సోడా వేసి కడిగాను. ఆ ఇల్లు నాది కాదుగా. అయినా కడిగాను” అన్నారు. ముప్పై ఏళ్లకి పైగా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం ఇద్దరం. ఈ సంగతి ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. మన పోపుల మధ్యా, ఉప్పు ఎక్కువైందన్న అలకల మధ్యా చెప్పే వీలేదీ?

పాతవి నిలబడటం ఎంత కష్టమో మా ఇంటి దగ్గరే తెలుస్తోంది. 1874లో మొదలైన సికింద్రాబాద్ స్టేషన్, కొత్త హంగుల కోసం పాత ముఖద్వారాన్ని 2025లో పడగొట్టేశారు. మామగారు రోజూ డ్యూటీకి వెళ్లిన దారి అది. అత్తయ్య అటువైపు వెళ్లడం మానేశారు.

తినడం, పడుకోవడం

రాత్రి భోజనం హైదరాబాదీ వంటలు. మేం శాకాహారులం కనుక రాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్ట్ సంగతి నన్నడక్కండి. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ మాత్రం అద్భుతం. చింతపండు, నువ్వులు, పల్లీలు, కొబ్బరి, అవే మన వస్తువులు. వేయించడంలో తేడా ఉంది, తొందర పడరు. చివర్లో వచ్చిన ఖుబానీ కా మీఠా ఇంట్లో చేసుకోవడం ఏమంత కష్టం కాదు. పావుకిలో ఎండు ఖుబానీ పళ్లని రాత్రంతా మునిగేటన్ని నీళ్లలో నానెయ్యాలి. పొద్దున గింజలు తీసి, అవే నీళ్లలో సన్నని సెగ మీద మెత్తగా ఉడకనిచ్చి, వంద గ్రాముల పంచదార వేసి దగ్గర పడనివ్వాలి. గింజలు పగలగొడితే లోపల బాదం లాంటి పప్పు ఉంటుంది. ఒకటి కొరికి చూడండి, చేదుంటే అన్నీ పారేసి మామూలు బాదంపప్పే వేసుకోండి. చల్లారాక పైన మీగడ వేసి ఇవ్వడమే.

భోజనమయ్యాక బయట మేడ మీద నిలబడితే ఊరంతా కింద దీపాలే దీపాలు. అందులో చిలకలగూడ ఎక్కడుందా అని నేను ఉత్తరం వైపు వెతుకుతున్నాను. అత్తయ్య మాత్రం గుట్ట కిందికే చూస్తున్నారు, ఏదైనా రైలు పోతుందేమోనని.

పడక దగ్గరే తంటా వచ్చింది. పరుపు మరీ మెత్తగా ఉందని అత్తయ్య నడుం పట్టేసింది. చెప్పగానే వాళ్లు గట్టి పరుపు వేశారు. నాకేమో పొద్దున ఐదింటికే మెలకువ. పాల ప్యాకెట్ వచ్చిందేమో అని లేచి కూర్చున్నాను. అటు చూస్తే ఆవిడా లేచే కూర్చున్నారు! చెయ్యడానికి ఇద్దరికీ ఏ పనీ లేదు. అలా కిటికీ దగ్గర కూర్చుని ఏడింటి వరకూ కబుర్లు చెప్పుకున్నాం. ఆ కబుర్లు మాత్రం ఇక్కడ రాయను.

అంత డబ్బు పెట్టి ఉండటం మనలాంటి వాళ్లందరికీ కుదరదు. నాకూ కుదిరేది కాదు. ముందుగా చెప్పి ఉంచుకుంటే సాయంత్రం టీకో, భోజనానికో వెళ్లి రావచ్చు. అదీ ఖరీదే కానీ, గది అద్దెతో పోలిస్తే చాలా నయం. అది కూడా వద్దనుకుంటే పిల్లల్ని తీసుకుని చౌమహల్లా చూసి రండి. టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లొచ్చు, శుక్రవారం మాత్రం సెలవు. ఎస్రా పనితనం అక్కడా కనిపిస్తుంది.

మధ్యాహ్నం మళ్లీ ఎంఎంటీఎస్‌లోనే ఇల్లు చేరాం. మావారు అన్నం వండి, ఆవకాయ జాడీ బల్ల మీద పెట్టి కూర్చున్నారు. “ఎలా ఉందే అమ్మా మహల్?” అని అడిగారు.

“ఏముందిరా! అంత పెద్ద స్విచ్‌బోర్డు, ఎక్కడా ఇంత దుమ్ము లేదు. వేలితో రాసి చూశాను” అన్నారు అత్తయ్య, చెప్పులు విప్పుతూ.