ఆదిమ సంఘ కథలయందు సత్యాసత్యములు

రోమాపురము తగులబడుచుండగా నీరో చక్రవర్తి ఫిడేలు వాయించుచు కూర్చుండెనను కథను విననివారు మనలో నరుదు. ఆ నీరోయే క్రైస్తవులను కొలోసియమను రంగస్థలమున సింహములకు వేయించెననియు, మిగిలినవారు భూగర్భమందలి సొరంగములలో దాగి తరతరములు కాపురముండిరనియు పెద్దలు చెప్పగా వినియున్నాము. నాటకములలోను చిత్రపటములలోను చూచియున్నాము. ఈ మూడు కథలును హృదయమును కరగించునవే. కాని హృదయమును కరగించినదెల్ల చరిత్ర కానేరదు. వీనిలో నిజమెంతయో, కల్పన యెంతయో విచారింతము.

పురాతనమైన కథ యేది చెవినిబడినను మూడు ప్రశ్నలు వేయవలయును. దీనిని మొదట వ్రాసినవాడెవడు? సంగతి జరిగిన యెన్ని యేండ్లకు వ్రాసెను? నేడు నిలిచియున్న కట్టడములును, త్రవ్వకములలో దొరకిన వస్తువులును ఆ వ్రాతతో నేకీభవించుచున్నవా?

మొదట ఫిడేలు మాట. క్రీ. శ. 64 జూలై మాసమున రోమాలో రథపు పందెముల మైదానమునొద్దనున్న అంగళ్లలో అగ్ని పుట్టెను. ఆ పట్టణమందలి 14 పేటలలో 3 బొత్తిగా భస్మమయ్యెను. 7 మిక్కిలి చెడిపోయెను. 4 మాత్రమే క్షేమముగా మిగిలెను. ఇది వ్రాసినవాడు టాసిటస్ అను రోమా చరిత్రకారుడు. అగ్ని పుట్టినప్పు డతడు బాలుడు. వ్రాసినది సుమారు 50 ఏండ్లకు తరువాత. అతనికి నీరోయం దెంతమాత్రమును ప్రీతిలేదు. అయినను అగ్ని పుట్టిన వేళ చక్రవర్తి ఆంటియమను సముద్రతీర పట్టణమున నుండెననియు, తిరిగివచ్చి యిండ్లు కాలినవారికి తన తోటలు తెరపించెననియు చెప్పెను. నీరో మంటలను చూచి ట్రాయి నగర నాశనమునుగూర్చి పాడెనన్న మాటను వదంతిగానే పేర్కొనెను. అతని తరువాతి గ్రంథకర్తలు ఆ వదంతినే నిజమని వ్రాసిరి. ఫిడేలన్ననో, ఐరోపాలో పుట్టినదే 16వ శతాబ్దమున! లోకవార్త నోటినుండి నోటికి పోవుచు పెరుగు విధ మిట్టిది.

ఇంతమాత్రమున నీరోను నిర్దోషియని యెంచరాదు. తనపైబడిన అపవాదును తొలగించుకొనుటకై అతడా నేరమును క్రైస్తవులపై మోపెను. కొందరికి మృగచర్మములు కప్పి కుక్కలచే చీల్పించెననియు, కొందరిని సిలువ వేయించెననియు, కొందరిని రాత్రివేళ దివిటీలవలె కాల్పించెననియు టాసిటసే చెప్పుచున్నాడు. ఈ టాసిటస్ క్రైస్తవులను ద్వేషించినవాడు. అట్టివాడే వారిని చూచి ప్రజలకు జాలి పుట్టెనని యొప్పుకొనెను. విరోధి నోట వెలువడిన యీ సాక్ష్యమునకన్న బలమైనది వేరేమి కావలయును?

రెండవది కొలోసియము. నీరో మరణించినది 68లో. వెస్పాసియను చక్రవర్తి ఆ కట్టడమును మొదలుపెట్టినది అటుపిమ్మట. అతని కుమారుడు తీతు దానిని 80లో తెరచెను. కావున నీరో అచ్చట ఎవ్వరినిగాని చంపించుట అసంభవము. అతని కాలపు హింసలు జరిగినది అతని తోటలయందును, అతని పందెపు మైదానమునందును. మరి క్రైస్తవులను మృగములకు వేయుట కల్పనయా? కాదు. 203లో ఆఫ్రికాలోని కార్తేజి పట్టణమున పెర్పెతువ యను యౌవనస్త్రీ యిట్లే హతసాక్షి యయ్యెను. చంటిబిడ్డ తల్లియైన ఆమె చెరసాలలో స్వయముగా వ్రాసికొనిన వృత్తాంతము నేటికిని నిలిచియున్నది. కథ చెప్పు స్థలమును కాలమును తప్పు. హతసాక్షులు మాత్రము నిజము.

మూడవది సొరంగముల మాట. పట్టణపు హద్దులలో శవములను పాతిపెట్టరాదని రోమా ధర్మశాస్త్రము. అందుచేత ఊరివెలుపల, బాటల ప్రక్కన, మెత్తని రాతినేలలో సొరంగములు త్రవ్వి, గోడలలో అరలు తొలిచి శవములను భద్రపరచిరి. క్రైస్తవులు 2వ శతాబ్దాంతమునుండి వీనిని వాడుకొనిరి. యూదులకును ఇట్టివి కలవు. ఇవి రహస్య స్థలములు కావు. 257లో వాలెరియను చక్రవర్తి, క్రైస్తవులు తమ శ్మశానములలో ప్రవేశింపరాదని శాసించెను. ఎవరికిని తెలియని చోటునుగూర్చి శాసన మెట్లు పుట్టును? మరుసటి యేట రోమా బిషప్పగు సిక్స్తు శ్మశానమందే పట్టుబడి చంపబడెను. గాలియు వెలుతురును లేని ఆ శవస్థానములలో జనులు కాపురముండుట సాధ్యముకాదు. 1854లో వెలువడిన ఫాబియోలా వంటి నవలలు ఈ భ్రమను ఇంటింటికి చేర్చెను.

మరి విశ్వాసులు కూడుకొనిన దెక్కడ? ఇండ్లలో. సిరియా దేశమందలి డూరా-యూరోపస్ అనుచోట 1931–32 త్రవ్వకములలో 3వ శతాబ్దపు ఇల్లొకటి బయల్పడెను. అది సామాన్యమైన ఇల్లే. సంఘమువారు ఒక గదిని బాప్తిస్మమునకు, ఒక విశాలమైన గదిని కూటమునకు అమర్చుకొనిరి. పొరుగిండ్ల నడుమ, వీధిలో పోవువారు చూచుచుండగా కూడుకొనుటకు, గుహలో దాగుటకన్న ధైర్య మెక్కువ కావలయును గదా!

ఇంత చిన్న తప్పులకై యింత విచార మేల యని కొందరనవచ్చును. వెండి రూపాయలు చెల్లిన దినములలో, సంచిలో చెల్లని రూపాయి యొకటి కనబడినయెడల వర్తకుడు తక్కిన వానినన్నిటిని మ్రోగించి చూచెడివాడు. ఫిడేలును నమ్మి పెరిగిన బాలుడు, కళాశాలకు పోయి అది కల్లయని తెలిసికొన్ననాడు, పెర్పెతువ వృత్తాంతమునుగూడ కల్లలలోనే కలిపి పారవేయవచ్చును. అప్పుడు ఆమెకు అన్యాయము చేసినది పరిహాసకులు కారు, మేలు చేయుచున్నామనుకొని కల్పనలు చేర్చిన మనమే. ప్రాణమిచ్చియైనను అబద్ధమాడనొల్లనివారిని స్మరించునపుడు, వారినిగూర్చి అబద్ధమాడకుండుటయే వారికి మనము చూపదగిన మొదటి గౌరవము.